బంగారం తూచే చేతికి నిద్ర లేదు

ప్రొద్దుటూరు నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, షాపు, వీధి తెలియకుండా దాని సారాంశం ఇస్తున్నాను.

ఆయనకు 37 ఏళ్లు. డిగ్రీ మధ్యలో ఆపేసి 2009లో ఒక నగల షాపులో సేల్స్‌మెన్‌గా చేరారు. అప్పుడు నెలకు 3,500, ఇప్పుడు 16,000. షాపులో పద్నాలుగు మంది పనిచేస్తారు. పొద్దున పదికి కౌంటర్ దగ్గర నిలబడితే, రాత్రి తొమ్మిదిన్నరకు ట్రేలన్నీ లెక్క తేలాకే ఇంటికి. భార్య ఇంట్లో జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. నెలకు నాలుగైదు వేలు వస్తాయి, పెళ్లిళ్ల సీజన్‌లో ఇంకొంచెం. ఇద్దరు పిల్లలు. అద్దె 4,500. ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బులు పడితే స్కూలు ఫీజులో కొంత కట్టారు, మిగతాది బాకీ ఉంది.

భార్య చెల్లెలి భర్త బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మొన్న వేసవిలో కడపలో రెండంతస్తుల ఇల్లు కట్టి గృహప్రవేశం చేశాడు. చదివింపులు మైకులో చదువుతారని తెలిసి, పెద్దల్లుడి పేరు తక్కువగా వినపడకూడదని మన పాఠకుడు ఫోనులో రెండు అప్పు యాప్‌ల నుంచి 30,000 తీసుకున్నారు. కోతలు పోను చేతికి వచ్చింది 21,000. దానితో వెండి కుందులు కొన్నారు. తీరా అక్కడికి వెళ్లాక మామ, "నువ్వు కొంచెం బయటుండి వచ్చినోళ్ల కార్లు యాడ పెట్టుకోవల్లో చూడబ్బా" అన్నారట. రెండు గంటలు ఎండలో నిలబడి కార్లకు దారి చూపించారు. కుందులు ఎవరిచ్చారో మైకులో చదివినప్పుడు ఆయన లోపల లేరు. తిరుగు ప్రయాణంలో బస్సులో గంటన్నరసేపు భార్య ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ అప్పు తీర్చడానికి ఇంకో యాప్, దానికి మరొకటి. ఇప్పుడు అయిదు యాప్‌లు, 86,000 బాకీ. కట్టకపోతే ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ ఫొటో పంపుతామని బెదిరిస్తున్నారు. భార్యకు ఇదంతా తెలియదు. రెండు నెలలుగా తెల్లవారుజామున మూడింటికి మెలకువ, గుండెల్లో బరువు, అన్నం సయించదు. ఈసీజీ బాగానే ఉందని, గ్యాస్ అని మాత్రలిచ్చారు. నిద్ర కోసం అప్పుడప్పుడూ ఒక క్వార్టర్.

ఆయన మాటల్లోనే: "మొన్న ఒకామె ఎనిమిది లక్షల హారం తీసుకుని, మజూరీలో నాలుగు వందలు తగ్గించలేదని కోప్పడి పోయింది. ఆ నాలుగు వందలు మా ఇంట్లో వారం కూరగాయలు. ఆ రాత్రి కాంటా ముందు నిలబడి, దీని మీద నన్ను పెడితే ఎంత తూగుతానో అనుకున్నాను. నా పేరున అయిదు లక్షల పాలసీ ఉంది. నేను లేకపోతేనే వాళ్లు బాగుంటారేమో అనిపిస్తోంది. అక్కా, ఇది డబ్బు సమస్యా, నా మనసు బలహీనతా? ఉన్నదాంతో తృప్తి పడడం ఎట్లాగో చెప్పండి."

తమ్ముడూ,

మీ ఉత్తరంలో ఆ పాలసీ మాట దగ్గర ఆగిపోయాను. అందుకే అక్కడినుంచే మొదలుపెడతాను. పదహారేళ్లుగా మిల్లీగ్రాము తేడా రాకుండా తూచిన మనిషి మీరు. కానీ ఈ ఒక్క లెక్క మాత్రం రెండు నెలలుగా నిద్రలేని తల వేసింది. దాన్ని నమ్మకండి. అలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. దాన్ని ఎవరికీ చెప్పకుండా మోయడమే ప్రమాదం.

ఇది చదివిన వెంటనే 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. మూడింటికి లేచి, పక్కన ఎవరినీ లేపలేక పైకప్పు చూస్తూ పడుకుంటున్నానని రాశారు కదా, ఆ వేళకు కూడా పనికొస్తుంది. ఆ ఆలోచన ముదిరి, ఆగలేననిపిస్తే మాత్రం ఫోనుతో సరిపెట్టకండి. అప్పటికప్పుడు మీ ఆవిడను లేపి, ఇద్దరూ కలిసి ఆసుపత్రికి వెళ్లండి. ఆమె నిద్ర పాడవుతుందని చూడకండి.

గ్యాస్ మాత్రలు ఇచ్చిన డాక్టరును తప్పు పట్టను, ఆయన గుండెను చూశాడు, గుండె బాగుంది. కానీ రెండు వారాలకు మించి తెల్లవారుజామున మెలకువ రావడం, ఆకలి పోవడం, దేనిమీదా మనసు నిలవకపోవడం, నేను పనికిరాననిపించడం, ఇవన్నీ కలిసి వస్తే మానసిక వైద్యుడు చూడాల్సిన జబ్బే కావచ్చు. కడప సర్వజన ఆసుపత్రిలో, అదే మనం రిమ్స్ అనే పెద్దాసుపత్రిలో, ఆ విభాగం ఉంది. మందు రాస్తే పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఈలోపు 'ఏం తేడా లేదే' అని ఆపేయకండి. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు కొనుక్కోవద్దు. క్వార్టర్ వల్ల పట్టేది నిద్ర కాదు, మూడింటికి మీ మెలకువకు అది కూడా ఒక కారణం కావచ్చు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లు 2015-16లో దేశంలో చేసిన సర్వేలో పెద్దవాళ్లలో నూటికి పదిమంది పైచిలుకు ఏదో ఒక మానసిక సమస్యతో ఉన్నట్టు తేలింది, వాళ్లలో ఎక్కువ మంది వైద్యం దాకా వెళ్లనే లేదు. మీ షాపు పద్నాలుగు మందిలో మీరొక్కరే ఇలా ఉన్నారని అనుకోకండి.

ఇక మీ ప్రశ్న. తృప్తి పడడం ఎట్లాగో చెప్పమన్నారు. ఆ మాట నేను చెప్పను. ఎందుకంటే మీకు తృప్తి లేక ఈ కష్టం రాలేదు.

మీరు చేరిన 2009లో పది గ్రాముల బంగారం పదిహేను వేలు, అటూ ఇటూ. అంటే మీ నాలుగు నెలల జీతం. 2025లో అది లక్ష దాటింది. అంటే మీ ఆరు నెలల జీతానికి పైనే. ఈ మధ్యలో మీరేమైనా బద్ధకించారా? పని నేర్చుకున్నారు, కస్టమర్లను నిలబెట్టుకున్నారు, ఒక్కరోజు లెక్క తప్పలేదు. అయినా మీరు అమ్మే వస్తువు మీకు ఇంకా దూరం జరిగింది. దేశం మొత్తం మీద ఇదే నడుస్తోంది. 2022-23 నాటికి మన దేశ సంపదలో నూటికి నలభై వంతులు పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉన్నాయని ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. మిగతావాళ్లకు అది పేపర్లో కనపడే అంకె. మీకు అది రోజూ ఎదురుగా కుర్చీలో కూర్చుని హారం మెడకు పెట్టి చూసుకుంటుంది, మీరు అద్దం పట్టుకుని నిలబడతారు. అంత దగ్గరగా, అన్ని గంటలు ఆ తేడాను చూస్తూ నవ్వుతూ మాట్లాడడం కూడా పనే. దానికి జీతం ఇవ్వరు గానీ ఒంట్లోంచి అది తీసుకునేది తీసుకుంటుంది.

బ్రిటన్‌లో 1967 నుంచి ప్రభుత్వ ఆఫీసుల్లో పనిచేసే వేలమంది మగవాళ్లను ఏళ్లపాటు గమనించారు. అందరివీ ఉద్యోగాలే, ఎవరికీ తిండికి లోటు లేదు. అయినా అన్నిటికంటే కింది మెట్టు మీద ఉన్నవాళ్లలో చావులు పై మెట్టు వాళ్లకంటే మూడు రెట్లు ఎక్కువ. పొగ తాగడం లాంటి అలవాట్లతో అందులో కొంత భాగమే అర్థమైంది. ఆ తర్వాతి పరిశోధనల్లో, తన పని మీద తనకు ఎంత పట్టు ఉంది అన్నది కూడా ముఖ్యమని కనిపించింది. మీరు కూర్చోవాలంటే ఎవరినో అడగాలి, సెలవంటే అడగాలి, ట్రే లెక్క తేలేదాకా బాత్‌రూమ్‌కు పోవాలన్నా ఆలోచించాలి. దీన్ని మీరు 'మనసు బలహీనత' అని రాశారు. నేనైతే అలా అనను.

అలాగని తోడల్లుడికీ ఏవో కష్టాలుంటాయిలే అని కూడా ఓదార్చను. ఉండొచ్చు, లేకపోవచ్చు. ఆయనకు కష్టం ఉన్నంత మాత్రాన మీకు నిద్ర పట్టదు. ఆ రోజు జరిగింది అవమానమే. మామకు ఆ ఉద్దేశం లేకపోయినా సరే, మీకు తగిలిన దెబ్బ నిజం. దానికి పేరు పెట్టుకోండి. 'నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానేమో' అని మింగేస్తే అది మూడింటికి మళ్లీ లేస్తుంది.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు ఒకటి గమనించాను. నాలుగు పేజీల్లో మీ భార్య గురించి మూడు వాక్యాలే ఉన్నాయి. మగ్గం వర్క్ చేస్తుంది, బస్సులో మాట్లాడలేదు, ఆమెకు ఏమీ తెలియదు. అంతే. ఆ గృహప్రవేశంలో ఆమె కూడా ఉంది తమ్ముడూ. చెల్లెలి ఇంట్లో అక్క. చెల్లెలి పట్టుచీర జాకెట్ మీద పూసల పని ఎన్ని రోజులు పడుతుందో ఆ ఇంట్లో చూడగానే చెప్పగలిగింది బహుశా ఆమె ఒక్కతే. తన మొగుణ్ణి ఎండలో నిలబెట్టి కార్లు చూడమన్నది ఆమె కన్నతండ్రి. బస్సులో ఆ మౌనం మీమీద కోపమని మీరు తీసుకున్నారు. తండ్రి మీద కోపం కావచ్చు. మీ ముఖం చూస్తే ఏడుపొస్తుందని కిటికీ వైపు తిరిగి ఉండొచ్చు. కుందులకు డబ్బెక్కడిదో అని అప్పుడే అనుమానం వచ్చి ఉండొచ్చు. ఏదో నాకూ తెలియదు, మీకూ తెలియదు, మీరు అడగలేదు కాబట్టి. ఒకే గదిలో ఒకరు రాత్రి పన్నెండు దాకా సూది పట్టుకుని కూర్చుంటారు, ఇంకొకరు మూడింటి నుంచి కళ్లు తెరుచుకుని పడుకుంటారు. మీకు నిద్ర పట్టడం లేదని ఆమెకు తెలియదనుకుంటున్నారా?

అందుకే అప్పు సంగతి ముందు ఆమెకు చెప్పాలన్నది నా అభిప్రాయం. చెబితే ఏమవుతుందో కూడా చెబుతాను. కోప్పడుతుంది. 'కుందులు ఎవరడిగారు' అంటుంది. రెండు రోజులు ఇంట్లో గాలి ఆడనట్టు ఉంటుంది. వాళ్లమ్మకు చెబుతుందేమోనని మీకు భయం, ఆ భయాన్ని కూడా పైకే అనండి, 'ఇది మనిద్దరి మధ్య ఉండనీ, కనీసం తీరేదాకా' అని. చెప్పకపోతే ఏమవుతుంది? ఆ యాప్‌ల వాళ్లే ఒకరోజు ఆమెకు ఫోన్ చేస్తారు. అప్పుడు ఆమెకు అప్పుకంటే మీరు దాచడం ఎక్కువ నొప్పి. పెద్ద ఉపన్యాసం వద్దు. "నేనొక తప్పు చేసినా, ఒళ్లు కూడా బాగాలేదు, నువ్వు వింటే చాలు" అని మొదలుపెట్టండి. కాగితం మీద అయిదు యాప్‌ల పేర్లు, తీసుకున్నది, కట్టింది, బాకీ రాసి చేతికివ్వండి. అంకెలు కాగితం మీదకొస్తే తలలో ఉన్నంత పెద్దగా కనపడవు.

ఆ కాగితంతోనే అప్పు సంగతి చూద్దాం. ముందు ఆ అయిదింటిలో ఏవి రిజర్వ్ బ్యాంకు నియంత్రణలో ఉన్న సంస్థలవో తేల్చుకోండి. ఆ సంస్థలు తమ యాప్‌లని చెప్పినవాటి జాబితా రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉంటుంది. 2022లో వచ్చిన నిబంధనల ప్రకారం అప్పు యాప్ మీ ఫోనులోని నంబర్ల జోలికి, ఫొటోల జోలికి రాకూడదు. వసూలు చేసేవాళ్లు పొద్దున ఎనిమిదికి ముందు, రాత్రి ఏడు తర్వాత ఫోన్ చేయకూడదు. ముందే కోసుకున్న ఆ 9,000 లాంటివన్నీ అప్పు ఇచ్చే ముందే రాతలో చూపించాలి. ఇవి పాటించకుండా బెదిరించేవాళ్ల మెసేజ్‌లు, కాల్ వివరాలు స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకుని సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇవ్వండి. ఫొటో పంపుతామన్న బెదిరింపుకు ఇంకో దారి ఉంది. మీరే ముందుగా తెలిసినవాళ్లకు, 'నా పేరుతో అప్పు యాప్ వాళ్లు ఏవైనా పంపితే పట్టించుకోకండి, పోలీసులకు చెప్పాను' అని మెసేజ్ పెట్టడం. నష్టం లేకపోలేదు, మీరు అప్పు చేశారని నలుగురికి తెలుస్తుంది. కానీ ఆ తర్వాత వాళ్ల చేతిలో బెదిరించడానికి పెద్దగా ఏమీ మిగలదు. ఏది ఎంచుకున్నా, ఆరో యాప్ మాత్రం వద్దు.

నిజంగా కట్టాల్సిన బాకీ తీర్చడానికి మీకు కొన్ని దారులున్నాయి, ఏదీ ఉచితం కాదు. మీ ఆవిడ పొదుపు సంఘంలో ఉంటే సంఘం అప్పు వడ్డీ తక్కువ. అయితే వాయిదా తప్పితే ఆమె సంఘం ఆడవాళ్ల ముందు నిలబడాలి, కాబట్టి నిర్ణయం ఆమెది. ఇంట్లో గాజులో గొలుసో ఉంటే బ్యాంకులో పెట్టి గోల్డ్ లోన్ తీసుకోవచ్చు. ఈ యాప్‌ల వడ్డీతో పోలిస్తే అది చాలా నయం. 'బంగారం షాపులో పనిచేసేవాడు తాకట్టు పెట్టాడు' అన్న మాట గుచ్చుకుంటుందని తెలుసు, కానీ బ్యాంకు మేనేజరుకు మీ షాపుతో పనిలేదు. యజమానిని అడ్వాన్సు అడగొచ్చు. ఇస్తారనే అనుకుందాం, నెలకు నాలుగైదు వేలు జీతంలో పట్టుకుంటే ఏడాదిన్నర పాటు ఇల్లు గడవడం కష్టం, పైగా ఆ ఏడాదిన్నరా మీరు ఆయన ముందు నోరెత్తలేరు. తోడల్లుడినే అడగడం ఇంకో దారి. బహుశా రెండు నిమిషాల్లో ఫోన్‌పే చేస్తాడు. ఆ తర్వాత వచ్చే ప్రతి పండగకూ మీరు ఆ డబ్బు మోసుకుంటూ ఆ ఇంటికి వెళ్లాలి. మోయగలరా లేదా అన్నది మీకే తెలుసు.

షాపు విషయంలో ఒక మాట. మా నాయన ఆదోనిలో ఒక పత్తి మండీలో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసి, చివరి రోజు ఒక శాలువా, ఒక గడియారం పట్టుకుని ఇంటికొచ్చాడు. ఆయనకు రావాల్సింది ఏమిటో ఎవరూ చెప్పలేదు, మాకూ తెలియదు. మీకు నేను చెబుతున్నాను. పది మంది గానీ అంతకు మించి గానీ పనిచేసే చోట అయిదేళ్లు దాటినవాళ్లకు గ్రాట్యుటీ హక్కు. ఏడాదికి పదిహేను రోజుల జీతం, నెలను 26 రోజులుగా లెక్కపెడతారు. మీ 16,000 మొత్తం మూలవేతనమే అయితే పదహారేళ్లకు సుమారు 1,47,700. ఈ డబ్బు రేపే చేతికి రాదు, మానేసినప్పుడే వస్తుంది. కానీ 'నాకంటూ ఏమీ లేదు' అని రాశారే, అది నిజం కాదు. జీతం 21,000 లోపు కాబట్టి ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, కూడా ఉండాలి. మీ వంతు నెలకు 120, యజమాని వంతు 520. అది ఉంటే వైద్యంతో పాటు, డాక్టరు విశ్రాంతి రాస్తే ఏడాదిలో 91 రోజుల దాకా డెబ్బై శాతం జీతం ఇస్తారు. జీతం చీటీ తీసి ఆ కోత ఉందో లేదో చూడండి.

లేకపోతే అడగాలా? ఒంటరిగా వెళ్లి అడిగితే మిమ్మల్ని పక్కన పెట్టే ప్రమాదం ఉంది, ఇంట్లో పరిస్థితి చూస్తే ఈ నెల ఆ పని వద్దంటాను. నియామక కాగితం, జీతం పడిన బ్యాంకు వివరాలు, షాపు ఇచ్చిన గుర్తింపు కార్డు జాగ్రత్త చేసుకోండి, మిగతావాళ్లలో ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి, తర్వాత లేబర్ ఆఫీసులో అడగొచ్చు. కోళికోడ్‌లో బట్టల షాపుల్లో పనిచేసే ఆడవాళ్లు మాకు కూర్చునే హక్కు కావాలని ఏళ్ల తరబడి అడిగితే 2018లో కేరళ చట్టం మార్చింది, 2021లో తమిళనాడు కూడా తెచ్చింది. కూర్చోవడానికి ఒక స్టూలు! అంత చిన్నదానికి అంత పోరాటం. ఒక్కరే అడిగి ఉంటే వచ్చేది కాదు.

ఉద్యోగం మానేసి బెంగళూరు పోదామా అని చివర్లో రాశారు. నిద్ర పట్టని మనిషి అంత పెద్ద నిర్ణయం ఇప్పుడు తీసుకోవద్దు. మందు మొదలుపెట్టి రెండు మూడు నెలలయ్యాక, తల తేలికపడ్డాక ఆలోచించండి. అప్పటికీ వెళ్లాలనే అనిపిస్తే, అక్కడ అద్దె ఎంత, మీ ఆవిడకు అక్కడ పని ఎలా దొరుకుతుంది, పిల్లల చదువు ఏం చేయాలి అన్నది ఇద్దరూ కూర్చుని లెక్క వేసుకోండి.

వచ్చే సంక్రాంతికి అత్తగారింటికి వెళ్లాలా అన్న బెంగ కూడా ఉంది మీకు. వెళ్లకపోతే పిల్లలకు అమ్మమ్మ ఇల్లు దూరమవుతుంది. వెళ్తే పాత గాయం కెలుకుతుంది. మధ్యలో ఒకటుంది: ఇకమీద ఎవరింట్లో శుభకార్యమైనా మన చదివింపు 516 రూపాయలే అని భార్యాభర్తలిద్దరూ ముందే అనుకోవడం, అది మైకులో చదివినా సరే. మామ మళ్లీ ఏదైనా పని చెబితే 'పిల్లోని పంపిస్తా మామా, నేనిక్కడే కూర్చుంటా' అనొచ్చు. అనగలరో లేదో ఇంట్లో ఒకసారి పైకి అని చూసుకోండి. మొదటిసారి గొంతు వణుకుతుంది.

ముందు ఆ ఫోన్ చేయండి. తర్వాత ఆ కాగితం ఆమె చేతికివ్వండి. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్తే ఇంకా మంచిది. ఆ రోజు బస్సులో ఆమె ఏమనుకుంటూ కూర్చుందో తెలిశాక, వీలైతే నాకు రాయండి.